కవరు మీది రాత, ఉత్తరం తల: హెచ్‌టీటీపీ హెడర్లనూ పేజీలోని హెడ్ విభాగాన్నీ చదివే పద్ధతి

కొన్నేళ్ల క్రితం ఒక చిన్న సాహిత్య పత్రిక సైటును పాత సర్వరు నుంచి కొత్త సర్వరుకు మార్చే పని నా మీద పడింది. ఫైళ్లన్నీ ఒక్క అక్షరం తేడా లేకుండా కొత్త చోటికి చేరాయి. అయినా పేజీ తెరిచి చూస్తే కథలు ఉండవలసిన చోట నెత్తిన వాలుగీత ఉన్న లాటిన్ అక్షరాలూ, డిగ్రీ సున్నాలూ, కూడిక-తీసివేత గుర్తులూ బారులు తీరి కనిపించాయి. ప్రతి పేజీ మొదట్లో దాని వివరాలు రాసే హెడ్ విభాగంలోనూ, తెలుగు అక్షరాలను బైట్లుగా రాసిన పద్ధతి యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాసే ఉంది. ఆ వరుసను తీసి మళ్లీ రాశాను, ఫైళ్లను మళ్లీ సేవ్ చేశాను, బ్రౌజరు మార్చి చూశాను. పూట గడిచిపోయింది గాని ఒక్క తెలుగు అక్షరమూ తెర మీదికి రాలేదు. తప్పు పేజీలో లేదు. పేజీకి ముందు సర్వరు పంపే సమాచార వరుసలో, అంటే హెచ్‌టీటీపీ హెడర్‌లో ఉంది; హెచ్‌టీటీపీ అంటే బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి. నేను ఆ హెడర్‌ను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

ఒక పేజీ గురించిన సమాచారం రెండు చోట్ల ఉంటుందనీ, ఆ రెండింటినీ చదివేవారు వేరువేరనీ, రెండూ విభేదించినప్పుడు ఎవరి మాట చెల్లుతుందో విషయాన్ని బట్టి మారుతుందనీ తెలిస్తే ఇటువంటి చిక్కులలో చాలా భాగం పది నిమిషాల్లో విడిపోతాయి. సొంతంగా సైటు నడుపుతున్నవారికీ, వెబ్ పని కొత్తగా నేర్చుకుంటున్నవారికీ ఆ చదివే పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతాను. హెడర్ల పేర్లను తెలుగు లిపిలో రాస్తున్నాను. తెర మీద అవి ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి, టైపు చేసేటప్పుడు మీరూ అలాగే చేయాలి.

రెండు తలలు

సర్వరు పంపే సమాధానంలో మొదట ఒక స్థితి వరుస ఉంటుంది, దాని తర్వాత వరుసకు ఒకటి చొప్పున హెడర్లు ఉంటాయి, ఆ తర్వాత ఒక ఖాళీ వరుస వస్తుంది, ఆ ఖాళీ వరుస దాటాక అసలు సరుకు మొదలవుతుంది. ఆ సరుకును హెచ్‌టీటీపీ పరిభాషలో బాడీ అంటారు. మీరు రాసిన హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలు మొత్తం, అంటే అందులోని హెడ్ విభాగమూ బాడీ విభాగమూ కలిసి, ఈ హెచ్‌టీటీపీ బాడీలోనే ప్రయాణిస్తుంది. కొత్తవారు తికమకపడేది ఇక్కడే: హెచ్‌టీఎమ్‌ఎల్ వారి తల హెచ్‌టీటీపీ వారి ఒంట్లో ఉంటుంది.

పోస్టు కవరును తలచుకుంటే ఈ సంగతి తేలికగా గుర్తుంటుంది. కవరు మీది చిరునామానూ ముద్రలనూ దారిలో ఉన్న ప్రతి పోస్టాఫీసూ చూస్తుంది, కానీ లోపలి ఉత్తరం పైభాగాన ఏ ఊరి నుంచి, ఏ తేదీన రాశారో చదివేది అందుకున్న మనిషి మాత్రమే. అలాగే హెడర్లను బ్రౌజరుతో పాటు మధ్యలో సమాధానాల నకళ్లను దాచి ఉంచే క్యాష్ సర్వర్లూ, ఆ నకళ్లను పాఠకులకు దగ్గరి చోట్ల నుంచి అందించే కంటెంటు పంపిణీ వ్యవస్థలూ చదువుతాయి. హెడ్ విభాగాన్ని సాధారణంగా బ్రౌజరూ, వెతుకులాట యంత్రాల బాట్లూ, వాట్సాప్ వంటి యాప్‌ల కోసం లింకు పరిచయం తయారుచేసే ప్రోగ్రాములూ మాత్రమే చదువుతాయి. 1991 నాటి తొలి హెచ్‌టీటీపీలో అసలు హెడర్లే లేవు. ఒక్క వరుసలో పేజీ అడిగితే హెచ్‌టీఎమ్‌ఎల్ నేరుగా వచ్చేది. బొమ్మలూ ఇతర రకాల ఫైళ్లూ పంపవలసి వచ్చినప్పుడు, వస్తున్నది ఏమిటో ముందుగా చెప్పే కవరు అవసరమైంది. 1996 మే నెలలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రాల వరుస) 1945 పత్రం హెచ్‌టీటీపీ 1.0 పేరుతో ఆ పద్ధతిని నమోదు చేసింది. ప్రస్తుతం ఆధారంగా తీసుకోవలసినది 2022 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110.

ముందు కళ్లతో చూడండి

క్రోమ్‌లో గాని ఫైర్‌ఫాక్స్‌లో గాని మీ పేజీని తెరిచి ఎఫ్12 మీట నొక్కితే డెవలపర్ పరికరాల పెట్టె వస్తుంది. అందులో నెట్‌వర్క్ అనే ట్యాబును ఎంచుకుని, ఆ తర్వాతనే పేజీని రీలోడ్ చేయండి; ట్యాబు తెరవక ముందు జరిగిన రాకపోకలు అందులో నమోదు కావు. వచ్చిన జాబితాలో సాధారణంగా అన్నింటికంటే పైన ఉండేది మీ పేజీ. దాని మీద నొక్కి హెడర్స్ అనే భాగంలోకి వెళ్తే, సర్వరు పంపిన హెడర్లు రెస్పాన్స్ హెడర్స్ కిందా, మీ బ్రౌజరు పంపినవి రిక్వెస్ట్ హెడర్స్ కిందా విడివిడిగా కనిపిస్తాయి. అదే చోట డిజేబుల్ క్యాష్ అనే గడిని టిక్ చేసి ఉంచుకోండి, లేకపోతే నిన్న దాచుకున్న సమాధానాన్ని చూసి ఇవాళ్టి సర్వరును తప్పుపట్టే ప్రమాదం ఉంది. ఒక చిరునామా నుంచి మరో చిరునామాకు దారి మళ్లిస్తున్న పేజీలైతే ప్రిజర్వ్ లాగ్ (ఫైర్‌ఫాక్స్‌లో పర్సిస్ట్ లాగ్స్) అనే దాన్ని కూడా టిక్ చేయాలి. అప్పుడే మధ్యలోని మజిలీలు చెరిగిపోకుండా ఉంటాయి.

కమాండు వరుస అలవాటు ఉన్నవారు కర్ల్ అనే ప్రోగ్రామును వాడవచ్చు. కర్ల్ తర్వాత అడ్డగీతతో పెద్ద ఐ అక్షరం పెట్టి చిరునామా ఇస్తే అది హెడ్ అనే పద్ధతిలో అభ్యర్థన పంపి హెడర్లను మాత్రమే తెస్తుంది. ఈ హెడ్‌కూ పేజీలోని హెడ్ విభాగానికీ ఏ సంబంధమూ లేదు. పేర్లు పెట్టినవారు మనమీద కొంచెం దయ చూపి ఉండవలసింది. కొన్ని సర్వర్లు హెడ్ అభ్యర్థనకు ఒక రకంగా, మామూలు గెట్ అభ్యర్థనకు మరో రకంగా జవాబిస్తాయి కనుక అనుమానం వచ్చినప్పుడు అడ్డగీతతో చిన్న వి పెట్టి గెట్ పంపి చూడటమే మంచిది.

హెడ్ విభాగాన్ని చూడటానికి రెండు దారులు ఉన్నాయి, రెండూ చూపేది ఒకటి కాదు. కంట్రోల్‌తో పాటు యు నొక్కితే వచ్చేది సర్వరు పంపిన మూల పాఠం. డెవలపర్ పరికరాల్లోని ఎలిమెంట్స్ ట్యాబులో (ఫైర్‌ఫాక్స్‌లో దాని పేరు ఇన్‌స్పెక్టర్) కనిపించేది, బ్రౌజరు ఆ పాఠాన్ని చదివి, తప్పులను సర్దుకుని, జావాస్క్రిప్టు చేసిన మార్పులను కూడా కలుపుకుని తయారుచేసుకున్న చెట్టు. సర్వరు ఏం పంపిందో తెలియాలంటే మొదటిదాన్నీ, బ్రౌజరు ఏం అర్థం చేసుకుందో తెలియాలంటే రెండోదాన్నీ చూడాలి. రెండింటికీ తేడా ఉన్న చోట తరచుగా మీరు వెతుకుతున్న తప్పు దాగి ఉంటుంది.

అభ్యర్థన వైపు ఎక్కువసేపు నిలవనవసరం లేదు. హోస్ట్ హెడర్ ఏ సైటు కావాలో చెబుతుంది. ఒకే యంత్రం మీద వందల సైట్లు నడవగలగడం దీని చలవే. యాక్సెప్ట్-లాంగ్వేజ్ హెడర్ చదివేవారి భాషా ఇష్టాలను వరుస క్రమంలో చెబుతుంది, తెలుగుకు 0.9, ఇంగ్లీషుకు 0.8 అని తూకాలు వేసి ఉంటే తెలుగు పేజీ ఉన్నప్పుడు దాన్నే పంపమని అర్థం. రెఫరర్ హెడర్ పాఠకుడు ఏ పేజీ నుంచి వచ్చాడో తెలుపుతుంది. ఆ పేరును ప్రమాణంలోకి ఎక్కించినప్పుడే ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక ఆర్ జారిపోయింది, నేటికీ తప్పు స్పెల్లింగుతోనే రాయాలి, సరిచేసి రాస్తే పనిచేయదు.

తెలుగు పేజీకి ప్రాణం: కంటెంట్-టైప్

సమాధానంలో మొదట చూడవలసిన హెడర్ కంటెంట్-టైప్. వస్తున్నది హెచ్‌టీఎమ్‌ఎల్ పాఠమా, బొమ్మా, పీడీఎఫ్ ఫైలా అన్నదీ, పాఠమైతే దాని బైట్లను ఏ ఎన్‌కోడింగ్ ప్రకారం అక్షరాలుగా మార్చాలన్నదీ ఈ ఒక్క వరుసలో ఉంటాయి. తెలుగు పేజీకి ఇక్కడ టెక్స్ట్/హెచ్‌టీఎమ్‌ఎల్ అనీ, సెమికోలన్ తర్వాత చార్‌సెట్ విలువగా యూటీఎఫ్-8 అనీ ఉండాలి.

ఎందుకో కొంచెం వివరంగా చూడటం మంచిది. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. యూటీఎఫ్-8లో వీటిలో ప్రతిదీ మూడు బైట్లు తీసుకుంటుంది. క అక్షరానికి ఆ బైట్ల విలువలు 224, 176, 149. వీటిని పాత విండోస్-1252 పట్టిక ప్రకారం చదివితే 224 నెత్తిన వాలుగీత ఉన్న లాటిన్ అక్షరంగానూ, 176 డిగ్రీ సున్నాగానూ, 149 నల్ల చుక్కగానూ కనిపిస్తాయి. తెలుగు స్థానాల్లో మొదటి సగం అంతా 224, 176 తోనూ, ఏత్వాలూ ఓత్వాలూ కొమ్ములూ పొల్లూ ఉన్న రెండో సగం 224, 177 తోనూ మొదలవుతుంది. 177 అంటే కూడిక-తీసివేత గుర్తు. అందుచేత తెర నిండా ఈ రెండు జంటలు మళ్లీ మళ్లీ కనిపిస్తే మీ తెలుగు ఎక్కడికీ పోలేదనీ, బైట్లు భద్రంగానే ఉన్నాయనీ, చదివే పట్టిక మాత్రమే మారిందనీ ధైర్యంగా చెప్పవచ్చు. దీనికి భిన్నంగా అక్షరాల బదులు వరుసగా మామూలు ప్రశ్నార్థకాలు కనిపిస్తే, చాలా సందర్భాల్లో డేటాబేసులోకి చేరేటప్పుడే తెలుగు నశించిపోయి ఉంటుంది. అది హెడర్లతో బాగుపడే వ్యాధి కాదు.

ఇప్పుడు ఎవరి మాట చెల్లుతుందన్న ప్రశ్నకు వద్దాం. ఎన్‌కోడింగ్ విషయంలో హెచ్‌టీటీపీ హెడర్ చెప్పినదే పేజీలోని మెటా చార్‌సెట్ (హెడ్‌లో ఎన్‌కోడింగ్ పేరు చెప్పే ట్యాగు) కంటే పైచేయి. హెడర్‌లో చార్‌సెట్ లేనప్పుడు మాత్రమే బ్రౌజరు హెడ్ విభాగంలోకి తొంగి చూస్తుంది. నా పత్రిక సైటుకు జరిగింది ఇదే. కొత్త చోట పేజీలను పంపే అపాచీ అనే సర్వరు ప్రోగ్రాము అమరికల్లో యాడ్‌డిఫాల్ట్‌చార్‌సెట్ అనే ఆదేశం ఆన్‌లో ఉంది. విలువ ఏమీ ఇవ్వకుండా ఆన్ అని మాత్రమే రాస్తే అపాచీ ఐఎస్‌ఓ-8859-1 అని పంపుతుంది, ఆ పేరు చూసిన బ్రౌజర్లు విండోస్-1252 పట్టికను తీస్తాయి. ఆ ఆదేశానికి యూటీఎఫ్-8 విలువ ఇవ్వగానే కథలన్నీ తిరిగి వచ్చాయి. ఎన్‌జినెక్స్ సర్వరైతే చార్‌సెట్ అనే ఆదేశానికి యూటీఎఫ్-8 విలువ ఇవ్వాలి.

హెడర్‌ను కూడా తోసిపుచ్చేది ఒకటి ఉంది. ఫైలు మొట్టమొదట 239, 187, 191 అనే మూడు బైట్ల గుర్తు ఉంటే, దాన్నే బామ్ అంటారు, బ్రౌజరు మరి ఎవరి మాటా వినకుండా యూటీఎఫ్-8 అనుకుంటుంది. ఇది వరమని ఆశపడి ప్రతి ఫైలుకూ అతికించకండి. సర్వరులో పేజీలను తయారుచేసే పీహెచ్‌పీ ప్రోగ్రాము ఫైళ్లలో ఇది తెచ్చే తంటా ఏమిటో చివర్లో చెబుతాను.

హెడర్ సరిగా ఉన్నా మెటా చార్‌సెట్‌ను రాయడం మానకూడదు. పాఠకుడు పేజీని తన కంప్యూటరులో దాచుకుని తర్వాత తెరిచినప్పుడు సర్వరూ ఉండదు, హెడరూ ఉండదు. ఆ ట్యాగు ఫైలు మొదటి 1024 బైట్లలో ముగిసి ఉండాలన్నది ప్రమాణం పెట్టిన నియమం. ఇంగ్లీషు రాసేవారికి 1024 బైట్లంటే వెయ్యి అక్షరాల జాగా; మనకు మూడో వంతే. పొడవాటి తెలుగు శీర్షికనూ, దాని కింద తెలుగు వివరణనూ పెట్టి ఆ తర్వాత తాపీగా చార్‌సెట్ రాస్తే గీత దాటిపోవడం సులభమే. కాబట్టి హెడ్ తెరిచిన వెంటనే మొదటి ట్యాగుగా దాన్నే రాయండి.

బైట్ల లెక్కతో వచ్చే మరో రెండు ఇబ్బందులు

కంటెంట్-లెంగ్త్ హెడర్ సరుకు పొడవును బైట్లలో చెబుతుంది, అక్షరాల్లో కాదు. తెలుగు అన్న మాట కంటికి మూడక్షరాలు, యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. సొంతంగా సర్వరు ప్రోగ్రాము రాసేవారు స్ట్రింగు పొడవును అడిగి వచ్చిన 6ను ఈ హెడర్‌లో పెడితే, బ్రౌజరు ఆరు బైట్లు తీసుకుని తె అని చూపి ఆగిపోతుంది. ఇంగ్లీషు పాఠంతో పరీక్షించినంత కాలం ఈ తప్పు బయటపడదు. తెలుగు పేజీ చివరి భాగం మాయమవుతోందని ఎవరైనా చెబితే నేను ముందుగా ఈ వరుసనే చూస్తాను.

రెండోది ఫైళ్ల పేర్లు. హెడర్ల విలువల్లో తెలుగు అక్షరాలను నేరుగా రాయకూడదు. అక్కడ ఆస్కీ అక్షరాలకే, అంటే మామూలు ఇంగ్లీషు కీబోర్డు అక్షరాలకే భరోసా ఉంది. పంచాంగం అన్న పేరుతో పీడీఎఫ్ దిగుమతి కావాలనుకుంటే కంటెంట్-డిస్పొజిషన్ హెడర్‌లో ఫైల్‌నేమ్ అన్న మాటకు నక్షత్రం గుర్తు చేర్చి, ముందు యూటీఎఫ్-8 అని చెప్పి, వరుసగా రెండు ఒంటి కొటేషన్ గుర్తులు పెట్టి, పేరును శాతం గుర్తుల సంకేతంలో రాయాలి. ఒక్కో తెలుగు సంకేతమూ అక్కడ తొమ్మిది గుర్తులవుతుంది, తెలుగు అన్న మాటకే 54 గుర్తులు పడతాయి. చూడటానికి భయంకరంగా ఉన్నా బ్రౌజర్లు దాన్ని సరిగానే విప్పుకుంటాయి. నక్షత్రం లేని ఫైల్‌నేమ్‌ను కూడా ఇంగ్లీషు పేరుతో పక్కన ఉంచితే పాత ప్రోగ్రాములకు పనికొస్తుంది.

హెడ్ విభాగాన్ని పైనుంచి కిందికి చదవడం

కవరు చూశారు కనుక ఇక ఉత్తరం విప్పండి. హెడ్ కంటే ముందే హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగుకు లాంగ్ లక్షణం ఉందో లేదో చూడండి. తెలుగుకు టి, ఇ అన్న రెండక్షరాల సంకేతం వాడాలి. టి, ఎల్ అని రాస్తే అది ఫిలిప్పీన్స్‌లోని టాగలోగ్ భాష అవుతుంది. చూపు లేనివారికి పేజీ చదివి వినిపించే ప్రోగ్రాములు ఈ సంకేతాన్ని చూసే తెలుగు గొంతును ఎంచుకుంటాయి. తయారుగా దొరికిన నమూనాను తెచ్చుకుని ఇంగ్లీషు సంకేతాన్ని అలాగే వదిలేసిన తెలుగు సైట్లు లెక్కలేనన్ని, చూసినవారికి తేడా తెలియదు కాబట్టి ఎవరూ సరిచేయరు.

హెడ్ లోపల చార్‌సెట్ తర్వాత వ్యూపోర్ట్ మెటా ఉండాలి. 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు, కంప్యూటరు తెరల కోసం కట్టిన పేజీలను చిన్న తెరలో ఇరికించడానికి దాని బ్రౌజరు ప్రతి పేజీనీ 980 పిక్సెళ్ల వెడల్పుగా ఊహించుకుని కుదించి చూపేది. ఆ ఊహ వద్దని చెప్పే మార్గమే ఈ ట్యాగు. ఇది లేకపోతే ఫోనులో మీ తెలుగు చీమ తలకాయంత అవుతుంది, మన ఒత్తులూ గుడులూ ఆ సైజులో అసలు కనిపించవు. వెడల్పు పరికరం వెడల్పుతో సమానమనీ, మొదటి స్కేలు 1 అనీ రాస్తే చాలు; పాఠకుడు వేళ్లతో పెద్దది చేసుకోకుండా అడ్డుకునే విలువలను మాత్రం చేర్చవద్దు.

టైటిల్, డిస్క్రిప్షన్ ట్యాగులు ప్రతి పేజీకీ వేరుగా ఉండాలన్నది అందరికీ తెలిసినదే. వాట్సాప్‌లో లింకు పంపినప్పుడు వచ్చే బొమ్మా పరిచయమూ మాత్రం 2010లో ఫేస్‌బుక్ ప్రవేశపెట్టిన ఓపెన్ గ్రాఫ్ ట్యాగుల నుంచి వస్తాయి: శీర్షికకు ఒకటి, వివరణకు ఒకటి, బొమ్మకు ఒకటి. బొమ్మ చిరునామాను హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెట్టి పూర్తిగా రాయండి. ఈ ట్యాగులను జావాస్క్రిప్టుతో తర్వాత చేరిస్తే సాధారణంగా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఆ పరిచయం తయారుచేసే ప్రోగ్రాములు చాలావరకు స్క్రిప్టులను నడపవు. ఇంతకుముందు చెప్పిన మూల పాఠం చూపులో ట్యాగు కనబడకపోతే వాటికీ కనబడదు.

ఇక హెడ్ విభాగంలో జరిగే ఒక మోసం గురించి. హెడ్‌లో మెటా, లింక్, స్టైల్, స్క్రిప్ట్, టైటిల్ వంటి కొన్ని ట్యాగులకు మాత్రమే చోటు ఉంది. మధ్యలో ఒక డివ్ ట్యాగో, పేరా ట్యాగో, చివరికి ట్యాగు బయట పొరపాటున పడిన ఒక్క అక్షరమో కనిపిస్తే బ్రౌజరు ఫిర్యాదు చేయదు. అక్కడితో హెడ్ ముగిసిందనీ బాడీ మొదలైందనీ తనంతట తానే నిర్ణయించుకుంటుంది. ఆ తర్వాత మీరు హెడ్‌లోనే రాశాననుకున్న పేజీ అసలు చిరునామా ఏదో చెప్పే కెనానికల్ లింకూ, వెతుకులాట బాట్లకు సూచనలిచ్చే రోబోట్స్ మెటా వంటివన్నీ బాడీలోకి జారిపోతాయి, వాటిని హెడ్‌లో మాత్రమే నమ్మే బాట్లు పట్టించుకోకుండా పోతాయి. పేజీ మాత్రం కంటికి యథాతథంగా ఉంటుంది. ప్రకటనల వారు గాని గణాంకాల వారు గాని ఇచ్చిన కోడును అతికించిన మర్నాడు ఎలిమెంట్స్ ట్యాబు తెరిచి హెడ్ ఎక్కడ ముగుస్తోందో చూడటం అలవాటు చేసుకోండి.

మార్చాను, కానీ మారలేదు

క్యాష్-కంట్రోల్ హెడర్ అర్థం కాకపోవడం వల్ల వచ్చినన్ని ఫోను కాల్స్ నాకు మరి దేనివల్లా రాలేదు. సైటు యజమాని పేజీ రంగులూ రూపమూ చెప్పే సీఎస్‌ఎస్ ఫైలును కొత్తగా పెట్టారు, తన కంప్యూటరులో కనిపిస్తోంది, హైదరాబాదులో ఉన్న బావగారికి మాత్రం పాత రంగులే కనిపిస్తున్నాయి. బావగారి బ్రౌజరు తప్పేమీ చేయలేదు. ఆ ఫైలును ఫలానా కాలం దాచుకోవచ్చని సర్వరే చెప్పింది, అది దాచుకుంది.

ఆ హెడర్‌లో మ్యాక్స్-ఏజ్ విలువ సెకన్లలో ఉంటుంది. 86400 అంటే ఒక రోజు. నో-క్యాష్ అన్న మాట పేరు చూసి మోసపోవద్దు: దాచవద్దని దాని అర్థం కాదు, దాచుకోవచ్చు గాని వాడే ముందు ప్రతిసారీ నన్ను అడగమని అర్థం. అసలు దాచవద్దని చెప్పే మాట నో-స్టోర్. అడిగినప్పుడు సర్వరు ఈట్యాగ్ అనే గుర్తును పోల్చి చూసి, మార్పు లేకపోతే సరుకు పంపకుండా 304 అనే స్థితి సంఖ్యను మాత్రమే పంపుతుంది; నెట్‌వర్క్ ట్యాబులో 304 కనబడితే అది లోపం కాదు, పొదుపు. హెడర్ ఏదీ లేకపోతే ఏమీ దాచరనుకోవడం కూడా పొరపాటే. అప్పుడు క్యాష్‌లు తమ అంచనా తాము వేసుకుంటాయి: ఫైలు చివరిసారి మారి ఎంతకాలమైందో చూసి అందులో పదో వంతు కాలం తాజాగా ఉన్నట్టు భావించడం వాడుకలో ఉన్న పద్ధతి. వంద రోజులుగా మారని ఫైలు అలా పది రోజుల వరకు ఎవరినీ అడగకుండా నిలిచిపోవచ్చు.

నేను పాటించేదీ మీకు చెప్పదగినదీ ఒకటే అమరిక: హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలకు నో-క్యాష్ ఇవ్వండి, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్టు, బొమ్మల ఫైళ్లకు ఏడాది అంటే 31536000 సెకన్ల మ్యాక్స్-ఏజ్ ఇవ్వండి, ఆ ఫైలు మారినప్పుడల్లా దాని పేరులోని సంచిక సంఖ్యను మార్చి హెడ్ విభాగంలోని లింకులో కొత్త పేరు రాయండి. పేజీ ప్రతిసారీ సర్వరును అడుగుతుంది, కొత్త పేరును తెలుసుకుంటుంది, కొత్త పేరుతో ఉన్న ఫైలు ఎవరి దగ్గరా దాచి ఉండదు కనుక తెచ్చుకుంటుంది. హెడరూ హెడ్ విభాగమూ చేయి చేయి కలిపి పనిచేసే చోటు ఇదే. పాత పాఠాల్లో కనిపించే, మెటా ట్యాగులో క్యాష్-కంట్రోల్ రాసే పద్ధతిని నమ్మవద్దు. హెచ్‌టీఎమ్‌ఎల్ ప్రమాణంలో దానికి చోటు లేదు, పైగా దారిలోని క్యాష్ సర్వర్లు ఉత్తరం విప్పి చదవవు.

ఏది ఎక్కడ రాయాలి

కొన్ని మాటలు కవరు మీద మాత్రమే చెల్లుతాయి. సైటును ఎప్పుడూ హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరవాలని చెప్పే స్ట్రిక్ట్-ట్రాన్స్‌పోర్ట్-సెక్యూరిటీని మెటాలో రాస్తే బ్రౌజరు లెక్కచేయదు. మీ పేజీని ఇతరులు తమ సైటు చట్రంలో ఇరికించి చూపకుండా ఆపే ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ కూడా అంతే. కుకీలను పెట్టే సెట్-కుకీకి ఒకప్పుడు మెటా రూపం ఉండేది, బ్రౌజర్లు దాన్ని వదిలేశాయి. కంటెంట్-సెక్యూరిటీ-పాలసీని రెండు చోట్లా రాయవచ్చు గాని, ఫ్రేమ్-యాన్సెస్టర్స్ వంటి కొన్ని నియమాలు మెటాలో పనిచేయవు. స్ట్రిక్ట్-ట్రాన్స్‌పోర్ట్-సెక్యూరిటీ విషయంలో ఒక హెచ్చరిక: మొదటి రోజే ఏడాది గడువు ఇవ్వకండి. సైటు గుర్తింపును నిర్ధారించే ధ్రువపత్రం గడువు తీరి హెచ్‌టీటీపీఎస్ చెడితే, ఆ హెడర్‌ను ఒకసారి అందుకున్న పాఠకులకు ఫరవాలేదు తెరవండి అని నొక్కే దారి కూడా బ్రౌజరు ఇవ్వదు. 300 సెకన్లతో మొదలుపెట్టి, వారం గమనించి, ఆపైన పెంచండి.

వెతుకులాట ఫలితాల్లోకి పేజీ రావద్దనుకున్నప్పుడు హెడ్‌లో రోబోట్స్ మెటాకు నోఇండెక్స్ విలువ ఇస్తే సరిపోతుంది. పీడీఎఫ్‌కు హెడ్ విభాగం లేదు కనుక అక్కడ ఎక్స్-రోబోట్స్-ట్యాగ్ హెడరే గతి. పాత సంచికలను పీడీఎఫ్‌లుగా పెట్టే పత్రికలు దీన్ని గుర్తుంచుకోవాలి. రెండు చోట్లా రెండు రకాలుగా రాస్తే గూగుల్ ఎక్కువ కట్టడి చేసేదాన్ని పాటిస్తుంది, ఇక్కడ కవరుకు ప్రత్యేక అధికారం లేదు. అయితే అదే పేజీని రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైలులో నిషేధించి ఉంటే బాట్ పేజీని తెరవనే తెరవదు, నోఇండెక్స్‌ను చదవనే చదవదు, ఇతర సైట్లలోని లింకుల ఆధారంగా చిరునామా ఫలితాల్లో కనిపిస్తూనే ఉండవచ్చు.

పేజీ చిరునామా శాశ్వతంగా మారినప్పుడు 301 స్థితి సంఖ్యతో లొకేషన్ హెడర్ పంపడం సరైన పని. హెడ్‌లో రాసే మెటా రిఫ్రెష్ ట్యాగుతోనూ దారి మళ్లించవచ్చు గాని, దానికి ముందు పాత పేజీ పూర్తిగా రావాలి. సర్వరు మీద ఏ అధికారమూ లేనివారికి తప్ప దాన్ని సూచించను.

హెడర్లను మార్చేటప్పుడు

అపాచీ ఉన్న ఉమ్మడి హోస్టింగులో సాధారణంగా చుక్కతో మొదలయ్యే హెచ్‌టీయాక్సెస్ ఫైలులోనూ, సొంత ఎన్‌జినెక్స్ సర్వరులో దాని అమరికల ఫైలులోనూ హెడర్లను చేరుస్తారు. ఎన్‌జినెక్స్‌లో యాడ్-హెడర్ ఆదేశానికి రెండు మెలికలు ఉన్నాయి. పై స్థాయిలో ఐదు హెడర్లు రాసి, లోపలి లొకేషన్ భాగంలో మరొక్కటి చేరిస్తే, ఆ భాగానికి ఐదూ పోయి ఆ ఒక్కటే మిగులుతుంది. అన్నింటినీ అక్కడ మళ్లీ రాయాలి. రెండోది, చివర ఆల్వేస్ అన్న మాట చేర్చకపోతే 404, 500 వంటి లోపాల పేజీలకు ఆ హెడర్లు వెళ్లవు.

పీహెచ్‌పీలో హెడర్ పంపాలంటే అప్పటికి పేజీ నుంచి ఒక్క బైటు కూడా బయటికి వెళ్లి ఉండకూడదు, ఎందుకంటే ఖాళీ వరుస దాటి సరుకు మొదలయ్యాక కవరు మీద రాయడం కుదరదు. హెడర్లు ఇప్పటికే వెళ్లిపోయాయన్న ఫిర్యాదు వచ్చినప్పుడు, మొదటి ట్యాగుకు ముందు ఒక ఖాళీ గాని, ఇందాక చెప్పిన బామ్ గాని ఉందేమో చూడండి. బామ్ కంటికి కనిపించదు. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేసిన ప్రతి తెలుగు ఫైలుకూ అది అంటుకునేది. కోడు రాసే ఎడిటరులో బామ్ లేని యూటీఎఫ్-8ను ఎంచుకుని తిరిగి సేవ్ చేస్తే పోతుంది.

మార్పు చేశాక మీ రోజువారీ బ్రౌజరులో కాకుండా ప్రైవేటు కిటికీలో గాని, కర్ల్‌తో గాని పరీక్షించండి. మధ్యలో కంటెంటు పంపిణీ వ్యవస్థ ఉంటే సమాధానంలో ఏజ్ అనే హెడర్ కోసం చూడండి. దాని పక్కన 5000 అని ఉంటే ఆ సమాధానం మీ సర్వరు నుంచి బయలుదేరి 5000 సెకన్లయిందనీ, మీరు చూస్తున్నది మార్పుకు ముందుదనీ అర్థం కావచ్చు, ఆ వ్యవస్థలోని క్యాష్‌ను ఖాళీ చేసి మళ్లీ చూడాలి. ముఖచిత్రం పేజీతో సరిపెట్టుకోకుండా లోపలి కథ ఒకటి, ఒక పీడీఎఫ్, ఒక సీఎస్‌ఎస్ ఫైలు, కావాలని తప్పుగా టైపు చేసిన ఒక చిరునామా, ఈ నాలుగింటి కంటెంట్-టైప్‌నూ క్యాష్-కంట్రోల్‌నూ చూడండి. పేజీ దొరకలేదని తెలుగులో చెప్పే 404 పేజీని చాలా సైట్లలో వేరే ప్రోగ్రాము పంపుతుంది కనుక, అక్షరాలు చెదిరిన తెలుగు అన్నింటికంటే చివరగా మిగిలిపోయేది అక్కడే.